కుల్దీప్ పేరు ముందు ఆ పదం ఇక వద్దు

తెలుగు దినపత్రికలు, టీవీ చానళ్ల క్రీడా విభాగాల సంపాదకులకు బహిరంగ లేఖ



2019 డిసెంబరు 18న విశాఖలో వెస్టిండీస్‌తో జరిగిన వన్డేలో కుల్దీప్ యాదవ్ వరుస బంతుల్లో షై హోప్, జేసన్ హోల్డర్, అల్జారి జోసెఫ్‌లను పెవిలియన్‌కు పంపాడు. వన్డేల్లో రెండు హ్యాట్రిక్‌లు తీసిన తొలి భారత బౌలర్ అయ్యాడు. మన ఊళ్లో, మన జనం ముందు జరిగిన ఘనత అది. ఆ బౌలర్‌ను మన క్రీడా పేజీలు ఏళ్ల తరబడి పరిచయం చేస్తున్న తీరు మాత్రం ‘చైనామన్ స్పిన్నర్ కుల్దీప్’ అని. శీర్షికల్లో, మ్యాచ్ వార్తల్లో, టీవీ తెర అడుగున కదిలే స్క్రోలింగ్‌లో, వ్యాఖ్యానంలో ఆ మాట ఇప్పటికీ వస్తూనే ఉంది. దాన్ని మానుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

ఆటతో అంతగా పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. ఎడమచేత్తో బౌలింగ్ చేస్తూ, బంతిని వేళ్లతో కాకుండా మణికట్టుతో తిప్పేవారికి ఈ పేరు పడింది. కుడిచేతి బ్యాటర్‌కు ఆ బంతి ఆఫ్ స్టంప్ అవతల పడి లోపలికి తిరుగుతుంది. షేన్ వార్న్ లెగ్ బ్రేక్‌ను అద్దంలో చూసినట్టు ఉంటుంది. దక్షిణాఫ్రికాకు ఆడిన పాల్ ఆడమ్స్, తబ్రెయిజ్ షంసీ, ఆస్ట్రేలియా బౌలర్ బ్రాడ్ హాగ్, శ్రీలంక నుంచి లక్షణ్ సందకన్ ఈ కోవకు చెందినవారే. వీళ్లలో ఎవరికీ చైనాతో ఏ సంబంధమూ లేదు. మరి ఆ పేరు ఎందుకొచ్చింది?

క్రికెట్ పుస్తకాల్లో ఎక్కువగా వినిపించే కథ 1933 నాటిది. ఇంగ్లండ్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో వెస్టిండీస్ బౌలర్ ఎలిస్ అచోంగ్ వేసిన బంతికి ఇంగ్లండ్ ఆటగాడు వాల్టర్ రాబిన్స్ స్టంపౌట్ అయ్యాడు. అచోంగ్ ట్రినిడాడ్‌లో పుట్టినవాడు. చైనా మూలాలున్నవారిలో టెస్ట్ క్రికెట్ ఆడిన తొలి మనిషి. పెవిలియన్‌కు వెళ్తూ రాబిన్స్, ఒక చైనావాడి చేతిలో ఔటవ్వాల్సి వచ్చిందే అని తిట్టుకున్నాడని, ఆ తిట్టే బంతికి పేరై నిలిచిందని చెబుతారు. రాబిన్స్ నిజంగా అలా అన్నాడనడానికి గట్టి రుజువు లేదు. పైగా ఆ మాట 1920లలోనే ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా యార్క్‌షైర్ క్రికెట్ రాతల్లో కనిపిస్తుంది. అచోంగ్ మామూలుగా వేసేది వేళ్లతో తిప్పే ఎడమచేతి స్పిన్నే. మణికట్టు బంతి ఎప్పుడో ఒకటి వేసేవాడు.

ఈ రెండు కథల్లో ఏది నిజమని తేలినా నా అభిప్రాయం మారదు. అచోంగ్ కథ నిజమైతే, ఓడిపోయిన మనిషి తనను ఓడించినవాడి ముఖం చూసి విసిరిన తిట్టును మనం సాంకేతిక పదంగా వాడుతున్నాం. పదం అంతకు ముందే ఉందనుకుంటే, నేరుగా రానిది, మోసం చేసేది ఏదైనా చైనావాళ్ల పద్ధతి అని ఆనాటి తెల్లవాళ్లు నమ్మిన నమ్మకం దాని వెనక ఉంది. దీనికి తోబుట్టువులాంటి పదం ఒకటి మన వ్యాఖ్యాతలు ఇప్పటికీ వాడుతున్నారు: చైనీస్ కట్. బ్యాట్ లోపలి అంచుకు తగిలి, స్టంప్స్‌ను తప్పించుకుని ఫైన్ లెగ్ వైపు పోయే బంతి అది. ఆడబోయింది ఒకటి, అయింది ఇంకొకటి. దానికీ చైనావాళ్ల పేరే పెట్టారు. మోసానికి ఒకటి, తప్పిదానికి ఒకటి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాక, అనుకోకుండా పుట్టిన పదాలని సరిపెట్టుకోవడం నావల్ల కాలేదు.

ఆ పదం పుట్టిన కాలంలో చైనావాళ్ల బతుకు ఎలా ఉండేదో కూడా గుర్తు చేసుకోవాలి. అమెరికా 1882లో చైనా కూలీలు తమ దేశంలోకి రాకుండా చట్టం చేసింది. 1901లో ఆస్ట్రేలియా తెల్లవాళ్లకే దేశం అన్న విధానంతో వలస చట్టం తెచ్చింది. ట్రినిడాడ్‌కు చైనావాళ్లు ఎక్కువగా చేరింది 19వ శతాబ్దం నడుమ, చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద. ఆ ఒప్పందాలు మనకు కొత్తవి కావు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వాళ్లకు దక్కిన పేరు కూలీ. తోటలో పనిచేసేవాడికీ, కొట్టు పెట్టుకున్న వ్యాపారికీ, చివరికి కోర్టులో వాదించే గాంధీకీ అదే పేరు. ఇక్కడ మనం రోజూ తిట్టు అన్న ఊహే లేకుండా పలికే మాట, అక్కడి భారతీయులకు ఈనాటికీ కొట్టినట్టు తగులుతుంది. అది తిట్టా కాదా అని తేల్చే హక్కు డర్బన్‌లోని మన తెలుగు కుటుంబాలకు ఉందని మనం ఒప్పుకుంటాం. చైనా మూలాలున్నవారికి ఆ హక్కు ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలి?

ఆ మూలాలున్నవారు మాట్లాడారు కూడా. 2017 మార్చిలో ధర్మశాలలో కుల్దీప్ తొలి టెస్ట్ ఆడి మొదటి రోజే నాలుగు వికెట్లు తీసినప్పుడు ఈ పదం ప్రపంచమంతా మోగింది. ఆ రోజుల్లోనే చైనా మూలాలున్న ఆస్ట్రేలియా విలేకరి ఆండ్రూ వు, ఇది జాతిని కించపరిచే పదమని, క్రికెట్ దీన్ని వదిలేయాలని రాశాడు. ఆ మరుసటి ఏడాది 2018 సంచికలో విజ్డెన్ ఆ పదాన్ని పక్కన పెట్టి ఎడమచేతి మణికట్టు స్పిన్ అన్న అర్థమిచ్చే మాటకు మారింది. సంప్రదాయం పేరు చెప్పగానే క్రికెట్ లోకానికి గుర్తొచ్చే వార్షిక గ్రంథమే మారాక కూడా మన డెస్కుల్లో అది అలాగే ఉండిపోయింది.

చైనావాళ్లు తెలుగు పత్రికలు చదవరు కదా, ఎవరికి నొప్పి అని అడిగేవారున్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇదే, ఎందుకంటే నొప్పి కలిగేది మన దేశపు మనుషులకే. కుల్దీప్ తొలి వన్డే హ్యాట్రిక్ తీసింది కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో. ఆ మైదానానికి కొద్ది మైళ్ల దూరంలో టాంగ్రా ఉంది. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగిన చైనీస్ భారతీయుల పేట అది. 1962 యుద్ధం తర్వాత ముఖం చూసి అనుమానించి, సుమారు 3,000 మంది చైనీస్ భారతీయులను రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరంలో నిర్బంధించారు. వాళ్ల పిల్లలు, మనవలు కూడా క్రికెట్ చూస్తారు.

ఈశాన్య రాష్ట్రాల యువతీయువకుల సంగతి మరీ దగ్గరిది. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అతని రూపాన్ని ఎగతాళి చేసిన చోట మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. దాని తర్వాతే కేంద్రం ఈశాన్య భారతీయుల సమస్యలపై బెజ్బరువా కమిటీని వేసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈశాన్య భారతీయులను వేధించవద్దని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో చదువుకుంటున్న, హోటళ్లలో, ఆస్పత్రుల్లో, సెలూన్లలో పనిచేస్తున్న మణిపూర్, మిజోరం, నాగాలాండ్ పిల్లలను రోడ్డు మీద చైనావాళ్లని పిలిచే నోళ్లు మన మధ్య ఉన్నాయి. మీరూ విన్నారు, నేనూ విన్నాను.

ఇప్పుడు ఆ రాష్ట్రాలు క్రికెట్‌లోకి కూడా వచ్చాయి. 2018–19 నుంచి అరుణాచల్, మణిపూర్, మేఘాలయ, మిజోరం, నాగాలాండ్, సిక్కిం రంజీ ట్రోఫీ ఆడుతున్నాయి. ఆ ఏడాది డిసెంబరులో అనంతపురంలో జరిగిన అండర్-19 కూచ్ బెహార్ ట్రోఫీ మ్యాచ్‌లో మణిపూర్ ఎడమచేతి పేసర్ రెక్స్ రాజ్‌కుమార్ సింగ్ అరుణాచల్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో పదికి పది వికెట్లూ తీశాడు. రెక్స్ పేసర్ కాబట్టి సరిపోయింది. అతనే ఎడమచేతి మణికట్టు స్పిన్నర్ అయ్యుంటే? రేపు ఇంఫాల్ నుంచో ఐజ్వాల్ నుంచో అలాంటి బౌలర్ వచ్చి ఉప్పల్‌లో ఐదు వికెట్లు తీస్తే, మర్నాడు ఉదయం మీ శీర్షిక ఏమిటి? ఆ కుర్రాడి పేరు ముందు చైనామన్ అని పెట్టడానికి మీలో ఎవరి చేయీ రాదని నాకు నమ్మకం. మణిపూర్ కుర్రాడికి రాయలేని పదాన్ని కాన్పూర్ కుర్రాడు కుల్దీప్‌కు మాత్రం ఎందుకు రాయాలి?

దురుద్దేశం లేదు కదా అంటారు. నిజమే, లేదు. మీ డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్‌కు ఎవరి మీదా ద్వేషం లేదని నాకు తెలుసు. హైదరాబాద్ పేరుతో ఆడిన జట్టులోనే జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ 2020 జూన్‌లో, తాను సన్‌రైజర్స్‌కు ఆడిన రోజుల్లో తననూ తిసార పెరీరానూ ‘కాలూ’ అని పిలిచేవారని బయటపెట్టాడు. బలమైన గుర్రం లాంటివాడని మెచ్చుకుంటున్నారనుకుని అప్పట్లో నవ్వుతూ ఊరుకున్నాడట. ఆ మాట ఒంటి రంగు గురించి అని ఏళ్ల తర్వాత తెలిసి రగిలిపోయాడు. పిలిచినవారిలో ఒకరితో మాట్లాడాక, ప్రేమతోనే అన్నారన్న వివరణను ఒప్పుకుని, ఇకపై తెలియజెప్పే పని చేద్దామన్నాడు. పిలిచినవాళ్లలో ప్రేమ ఉంది, సామీకి తగిలిన దెబ్బా ఉంది. ఒకటి ఉందని రెండోది లేకుండా పోలేదు. కావాలని చేయని తప్పుకు శిక్ష అక్కర్లేదు, కానీ తెలిశాక ఆపడం మాత్రం మన బాధ్యత.

2021 జనవరిలో సిడ్నీ టెస్ట్‌లో మన సిరాజ్‌ను బౌండరీ దగ్గర ప్రేక్షకులు జాతి వివక్షతో దుర్భాషలాడినప్పుడు ఆట ఆగింది. కొందరిని స్టేడియం నుంచి బయటికి పంపారు. కొద్ది వారాల ముందే తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడు అంపైర్ దగ్గరికి నడిచి వెళ్లి ఫిర్యాదు చేశాడు. ఆ రోజు మీరు రాసిన వార్తల్లో కోపం ఉంది, న్యాయమైన కోపం. ఆ పేజీలు చదివి నేను గర్వపడ్డాను. అదే పేజీల్లో ఇంకో జాతి పేరు బంతి వంకరకు గుర్తుగా కనిపించడం నాకు సహించరానిదిగా ఉంది.

ఇలా మొదలుపెడితే ఎక్కడ ఆగుతామన్న భయం కొందరిది. క్రికెట్‌లో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ తీసేయమని నేను అడగడం లేదు. హారో అన్నది ఇంగ్లండ్‌లో సంపన్నుల బడి, ఒక షాట్‌ను హారో డ్రైవ్ అన్నందువల్ల అక్కడ చదివినవాడికి ఇల్లు అద్దెకు దొరకకుండా పోలేదు. దిల్‌షాన్ పేరుతో దిల్‌స్కూప్ ఉంది, అది అతని సృష్టికి గౌరవం. దూస్రా ఉర్దూ మాట, సక్లయిన్ చేతి నేర్పుతో ప్రపంచానికి చేరింది. ఈ పేర్లకూ, ఒక జాతి మొత్తాన్ని మోసానికి మారుపేరు చేసిన పదానికీ తేడా పోల్చుకోవడం కష్టమేమీ కాదు. బంతి వేయకముందే క్రీజు దాటిన నాన్‌స్ట్రైకర్‌ను రనౌట్ చేయడాన్ని వినూ మన్కడ్ పేరుతో పిలవడంపై సునీల్ గావస్కర్ ఎన్నోసార్లు అభ్యంతరం చెప్పింది కూడా, క్రీజు దాటిన తప్పు బిల్ బ్రౌన్‌దైతే మచ్చ మన్కడ్ పేరుకెందుకని. ఆ బాధ మనకు వెంటనే అర్థమైంది.

మార్పు మీకు కొత్త కాదు. 2021 సెప్టెంబరులో ఎంసీసీ నిబంధనల్లో బ్యాట్స్‌మన్ తీసేసి బ్యాటర్ పెట్టగానే, మన పత్రికలు ఎక్కువ కాలం తీసుకోకుండానే బ్యాటర్ అని రాయడం మొదలుపెట్టాయి. పాఠకులు తికమకపడలేదు. వికలాంగులు అన్న చోట దివ్యాంగులు అని రాస్తున్నారు. అన్నిటికంటే ముఖ్యం, కావలసిన పదం మీ దగ్గరే ఉంది. కుల్దీప్, చాహల్ కలిసి ఆడిన రోజుల్లో మణికట్టు ద్వయం అని రాసింది మీరే. మణికట్టు స్పిన్నర్ అన్నది తెలుగు క్రీడా పేజీల్లో పుట్టి నిలబడ్డ మంచి మాట. చదవగానే బంతి ఎక్కడినుంచి తిరుగుతోందో కళ్లకు కడుతుంది. శీర్షికలో చోటు చాలకపోతే ‘మణికట్టు కుల్దీప్’ చాలు.

నేను కోరేది ఇంతే. మీ శైలి సూచికల్లో ఈ పదాన్నీ, చైనీస్ కట్‌నూ వాడకూడని మాటల్లో చేర్చండి. వ్యాఖ్యాతలకు ముందుగా చెప్పండి. పాత స్కోరు కార్డులో, ఎవరైనా అన్న మాటల్లో, అచోంగ్ కథ చెప్పే వ్యాసంలో అది రావాల్సి వస్తే రానివ్వండి, దాని చరిత్రను ఒక వాక్యంలో వివరించండి. అచోంగ్ కథను మన పిల్లలు తెలుసుకోవాలనే నేనూ కోరుకుంటాను, ఒక తిట్టుకు మూలపురుషుడిగా కాకుండా టెస్ట్ ఆడిన తొలి చైనా సంతతి క్రికెటర్‌గా.

ఇంకొక విన్నపం మీ పోటీ పరీక్షల పేజీల గురించి. క్రీడాపదాలు అన్న శీర్షిక కింద గూగ్లీ, గల్లీ, సిల్లీ పాయింట్‌లతో పాటు చైనామన్ కూడా ఇప్పటికీ అచ్చవుతోంది. గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదివే పిల్లలు దాన్ని బట్టీ పడుతున్నారు. వాళ్లలో కొందరు రేపు పోలీస్ స్టేషన్లలో, ఆఫీసుల్లో కూర్చుని ఈశాన్య భారతీయుల ఫిర్యాదులు తీసుకోవాల్సినవాళ్లు. ఆ జాబితాను ఈసారి అచ్చువేసే ముందు సరిదిద్దండి.

ఇట్లు,
మీ క్రీడా పేజీల పాత పాఠకుడు