పిలకాయల చేతులు మురికైతే ఇంటిని తిట్టొద్దు



బడికాడ, రచ్చబండకాడ ఒక మాట ఇనపడతా ఉంటాది. "ఆ ఇంటి పిలకాయలు అంతే, వాళ్లకు శుభ్రత తెలీదు" అని. ఎక్కువగా కూలోళ్ల బిడ్డల్నే ఇట్లా అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. శుభ్రత కులాన్ని బట్టో, చదువును బట్టో రాదు. ఇంట్లో నీళ్లుండాయా, సబ్బు చేతికందే చోట ఉందా, పెద్దోళ్లు ఏం చేస్తా ఉండారు, ఈ మూడింటిని బట్టే వస్తాది.

మన సంగతే చూడండి. పొద్దున్నే పేడ ఎత్తుతాం. చేనికి పోయి యూరియా చల్లుతాం, మందు కొడతాం. మధ్యాహ్నం గట్టు మీద కూచోని, చెంబుడు నీళ్లతో చెయ్యి తడుపుకోని సంగటి తింటాం. పక్కనున్న బిడ్డ అదే నేర్చుకుంటాడు. బడిలో అయ్యవారు ఎన్నిసార్లు చెప్పినా, నాయన చేసిందే వాడికి పాఠం.

ఇది పరువు సంగతి కాదు, ఒంటి సంగతి. ఏలికపాముల గుడ్లు మట్టిలో ఉంటాయి, గోళ్లసందున చేరి నోట్లోకి పోతాయి. కొంకిపురుగు ఒట్టికాళ్ల చర్మంలోంచి దూరి, పేగుల్ని పట్టుకోని రక్తం తాగుతాది. బిడ్డ పాలిపోతాడు, చదువు మీద ధ్యాస నిలబడదు. అందుకే ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడిలో ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తారు. తప్పకుండా వేయించండి. అయితే మాత్ర కడుపులో ఉండే పురుగుల్నే చంపుతాది. మళ్లా రాకుండా ఆపేది సబ్బు, చెప్పులు, మరుగుదొడ్డి.

2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడులో సర్కారు బడులకు నీళ్లొచ్చే మరుగుదొడ్లు కట్టాలని పెట్టుకున్నారు. మంచి పని. కానీ కుళాయి పెట్టినంత మాత్రాన సరిపోదు. అన్నం ముందర ఆ కుళాయికాడ సబ్బు ఉందా, ఆడబిడ్డల దొడ్లో నీళ్లొస్తా ఉండాయా అని బడి కమిటీలో ఉండే తల్లిదండ్రులే అడగాల.

ఇంకో మాట. ఎండాకాలం బిందెలతో నీళ్లు మోసుకొచ్చే ఇంట్లో, ముందు తాగేదానికి, వంటకే చూసుకుంటారు. చేతులు కడగడం ఆఖర్న వస్తాది. అది సోమరితనం కాదు. మన చేలో కలుపు తీసే ఆడోళ్ల బిడ్డల్ని మురికోళ్లు అనే ముందర, మన బోరుకాడ వాళ్లకు నీళ్లూ సబ్బూ పెట్టామా అని మనల్ని మనం అడగాల.

పెద్ద ఖర్చేం లేదు. ఎర్రగడ్డల వలసంచి ముక్కలో సబ్బు వేసి బోరు పైపుకు కట్టండి. మందు కొట్టొచ్చిన రోజు సబ్బుతో స్నానం చేసి, గుడ్డలు మార్చుకోనే బిడ్డను ఎత్తుకోండి. కూలికొచ్చినోళ్లు కూడా అదే సబ్బుతో కడుక్కోనే అన్నానికి కూచోనీండి. వాళ్ల వెంబడి వచ్చే పిలకాయలు చూసి నేర్చుకుంటారు.

రేపు బడి పక్కగా పోయేటప్పుడు, కుళాయికాడ సబ్బు ఉందో లేదో ఒకసారి చూసి రండి.