ఇల్లంతా టేకే ఉండాలా?

భద్రాచలం అడవి అంచు పల్లెల్లో కొత్త ఇల్లు చూడవచ్చిన చుట్టాలు గుమ్మం ముందు నిలబడి మొదట అడిగే మాట ‘టేకేనా?’ అని. కాదంటే ఇంటాయన చిన్నబోతాడు. ఆ చిన్నతనం పడలేక అప్పు చేసేవారున్నారు. పర్మిటు లేని కర్రను రాత్రిపూట దింపించుకుని కేసుల్లో ఇరుక్కునేవారూ ఉన్నారు. నాలుగు రకాల కర్ర కలిపి ఇల్లు కట్టుకోవడం పేదరికానికి గుర్తన్న అభిప్రాయం ఊళ్లలో బలపడింది. ఇది పొరపాటు.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఆ కష్టం ఇప్పుడు ఎన్నో కుటుంబాల ముందుంది. 2024 మార్చి 11న భద్రాచలంలోనే ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించారు. ఇంటికి 5 లక్షల రూపాయల సాయం. పునాది, గోడలు, స్లాబు పూర్తయ్యేసరికి సొమ్ములో అధిక భాగం వాటికే సరిపోతుంది. తలుపులు, కిటికీల వంతు వచ్చేసరికి చేతిలో మిగిలేది కొద్దే. ఆ కొద్ది సొమ్మును ఏ కర్రకు పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

పాత ఇళ్లలో ఉన్న జవాబు

ఈ ప్రాంతపు పాత పెంకుటిళ్లను కాస్త నిదానించి చూస్తే చాలావాటిలో నాలుగైదు రకాల కర్ర కనిపిస్తుంది. బరువు మోసే స్తంభాలకు నల్లమద్ది వంటి గట్టి కర్ర. వాసాలకు ముదురు తాడి. గుమ్మాలకు టేకు, లేదంటే ఏగిస. అటక నేలకు వెదురు తడికో, చేతికందిన చెక్కో. కోయల ఇళ్లలోనూ అంతే. నిట్రాళ్లకు చేవగల కర్ర, గోడ తడికలకు వెదురు.

టేకు దొరక్క చేసిన పని కాదిది. అప్పట్లో టేకు అడవి పక్కనే ఉంది. ఏ కర్ర ఏ పనికి సరిపోతుందో తెలిసి చేసిన పని. నల్లమద్ది బరువు మోస్తుంది గానీ ఆరేటప్పుడు పగులుతుంది. అందుకే అది స్తంభానికి పనికొచ్చినంతగా తలుపుకు పనికిరాదు. తాడికి బయటి పొరే బలం, లోపలిది మెత్తన. అందుకే వాసాలు చీల్చి లోపలి మెత్తన చెక్కేసేవారు.

పేరు టేకే, చేవ ఏది?

ఇప్పుడు టేకు పేరుతో అమ్ముడవుతున్నదంతా చేవగలది కాదు. టేకులో చెదలు ముట్టనిది లోపలి చేవ మాత్రమే. చుట్టూ ఉండే తెల్ల చెక్కను చెదలు, పురుగు మామూలు కర్రలాగే తింటాయి. పొలం గట్టున పదిహేనేళ్లు పెరిగిన చెట్టులో చేవ తక్కువ, తెలుపు ఎక్కువ. దాన్ని కోయించి, తెలుపు కనిపించకుండా రంగు పూసి గుమ్మం చేస్తే కొన్నేళ్లకే గుల్లవుతుంది. అలాంటి టేకు కన్నా ముదురు వేప నయం. కొనేవారు పేరు కాదు, కోసిన మొదలు చూడాలి.

గడపకే మొదటి పీట

ఇంట్లో అన్నిటికన్నా కష్టపడే కర్ర గడప. కింద నేల చెమ్మ, పైన రోజంతా తొక్కే కాళ్లు, శుక్రవారం కడిగి పసుపు రాసే నీళ్లు, వానాకాలంలో జల్లు. చెదలు ఎక్కేదీ నేలకు ఆనిన ఆ చోటు నుంచే. డబ్బు పెట్టాల్సింది అక్కడ. చేవగల టేకు ఒక్క దూలమే కొనగలిగితే అది వీధి గుమ్మానికి, గడపకు పోవాలి.

లోపలి గది గుమ్మాలకు, తలుపులకు వేప సరిపోతుంది. దాని చేదును పురుగు అంత తేలికగా ముట్టదు. అల్మరా పలకలకు మామిడి చెక్క వాడవచ్చు. కాకపోతే దానికి పుచ్చు త్వరగా పడుతుంది గనుక బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు ముందే పట్టించాలి. అటకకు వెదురు వేసేవారు దాన్ని రెండు మూడు వారాలు పారే నీటిలో నానబెడితే పురుగును రప్పించే పిండి పదార్థం చాలావరకు పోతుంది. స్నానాల గదికి ప్లాస్టిక్ తలుపు చాలు. కాగితం మిల్లు కోసం పెంచే జామాయిల్, సుబాబుల్ ఎక్కడ చూసినా కనిపిస్తాయి గానీ అవి తలుపుల కర్రలు కావు. జామాయిల్ ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, పగులుతుంది. సుబాబుల్‌కు పుచ్చు పడుతుంది.

కలపడానికీ ఒక పద్ధతి

ఒక ద్వారబంధానికి ఒకే కర్ర వాడాలన్న మాట ఊళ్లలో ఉంది. దాన్ని ఇల్లంతటికీ ఒకే కర్ర అని అర్థం చేసుకోవడం వల్లే చిక్కు వచ్చింది. ద్వారబంధం వరకు ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కర్ర పొడవున దాదాపు కుంచించుకోదు, అడ్డంగా మాత్రం వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. ఒక్కో జాతిది ఒక్కో తీరు. ఒకే బంధంలో రెండు జాతులు బిగిస్తే కీళ్లు వదులవుతాయి. ఒక గుమ్మం టేకు, పక్క గుమ్మం వేప అయితే ఏ నష్టమూ లేదు.

తలుపు చట్రం ఒక కర్ర, మధ్య పలక వేరే కర్ర అయినా ఫరవాలేదు. పలకను జిగురుతో అంటించకుండా గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి. పచ్చి కర్రను మాత్రం దేనితోనూ కలపకూడదు. కోసిన కర్రను నీడలో, మధ్యన బద్దలు పెట్టి, గాలి ఆడేలా నెలల తరబడి ఆరబెట్టాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పచ్చి కర్ర బిగించినవారే మొదటి వేసవికి సందులు, మొదటి వానకు బిగుసుకున్న తలుపులు చూస్తున్నారు. మద్ది, తుమ్మ వంటి వగరు కర్రల్లో తడి తగిలిన ఇనుప మేకు చుట్టూ నల్లమచ్చ పడుతుంది. అక్కడ ఇత్తడి మరలు వాడడం మేలు.

ఇక పూతలు. నాలుగు కర్రలు నాలుగు రంగుల్లో ఉన్నాయని సిగ్గుపడి అన్నిటికీ ఒకే ముదురు వార్నీషు కొట్టిస్తున్నారు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. తిన్నర్ గుడ్డతో తుడవకుండా పూస్తే వార్నీషు పొరలుగా లేస్తుంది. లక్క పాలిష్ నీళ్లు తగిలితే తెల్లబడుతుంది, అది లోపలి అల్మరాకే తగింది. ఎండావానా తగిలే వీధి తలుపుకు ఏడాదికోసారి కాచిన అవిసె నూనె పట్టించడం తేలిక. ఆ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. విడివిడిగా ఆరబెట్టాకే పారేయాలి.

గోదావరి పరీక్ష

భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. ఏటి ఒడ్డు ఊళ్లలో ఇల్లు కట్టేవారు నీటిలో నానినా నిలిచే కర్రనే కింది భాగంలో వాడాలి. నాసిరకం ఫ్లష్ తలుపులు నానితే పొరలు విడిపోతాయి. వరద తగ్గాక తడిసిన తలుపును ఎండలో పెడితే బయట త్వరగా ఆరి, లోపల తడి మిగిలి పగుళ్లిస్తుంది. నీడలో పూర్తిగా ఆరాకే రంగు వేయాలి.

అధికారులు చేయాల్సింది

2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు హక్కు ఇచ్చిన చిన్నతరహా అటవీ ఫలసాయంలో వెదురు ఉంది, కలప లేదు. సొంత పొలంలో పెంచిన టేకైనా నరకడానికి, తరలించడానికి అనుమతి కావాలి. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మేనమామ ఊరి నుంచి పాత గుమ్మం తెచ్చుకున్నా ఇప్పుడు రాష్ట్ర సరిహద్దు దాటించినట్టే. బాగా ఆరిన పాత కర్రకు మించిన కర్ర లేదు. దాన్ని తెచ్చుకోవడానికి పేదవాడు భయపడే పరిస్థితి ఉండకూడదు.

ప్రభుత్వ కలప డిపోల్లో వేలం పెద్ద లాట్లకు జరిగితే ఒక్క గుమ్మం కర్ర కావలసిన కూలీకి అందదు. ఇల్లు మంజూరైన కుటుంబానికి ఒక గుమ్మానికి, గడపకు సరిపడా చేవ కర్రను నిర్ణయించిన ధరకు అమ్మాలి. గట్టు చెట్లకు, పాత ఇళ్లు విప్పిన కర్రకు అనుమతులు మండలంలోనే, గడువు పెట్టి ఇవ్వాలి. అప్పుడు రాత్రి బండ్ల వ్యాపారానికి గిరాకీ తగ్గుతుంది, అడవికీ మేలు జరుగుతుంది.

ప్రజలూ ఆలోచన మార్చుకోవాలి. చుట్టాలు వచ్చి ‘టేకేనా?’ అని అడిగితే, ‘గడప టేకు, గది గుమ్మం వేప, అటక వెదురు, అప్పు లేదు’ అని చెప్పగలగాలి. అలా చెప్పిన ఇంటాయన చిన్నబోవాల్సిన పనే లేదు.