గోడ అవతల చదువు, ఇవతల వెలి

పటాన్‌చెరు పక్కన 1972లో ఇక్రిశాట్ వచ్చింది. దానికోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊళ్లు ఖాళీ అయినయి. 2009లో కందిలో ఐఐటికి పునాదిరాయి పడింది, 576 ఎకరాలు. చదువుకు భూమి ఇవ్వొద్దని మేం అనం. అంబేద్కర్ పేరు చెప్పుకునేవాళ్లం ఎట్లంటాం? కాని గోడ లేచినంక చుట్టూ వెంచర్లు లేచినయి. పట్టాదారుకు గజాల లెక్కన పైసలొచ్చినయి. ఆ చెలకల్లో కలుపుతీసిన మాదిగామెకు ఏమొచ్చింది? ఉన్న కూలి పోయింది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు వేలానికి పెట్టాలని సర్కారు యంత్రాలు దించి చెట్లు కొట్టించింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఆ యూనివర్సిటీలోనే ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొడితే, వాళ్లు ఆరుబయట వెలివాడ కట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. అన్ని ఎకరాల్లో ఐదు మంచాలకు జాగ దొరకలేదు! ఐటీ కంపెనీలకైతే దొరుకుతది.

చదువు పేరిట తీసుకున్న భూమిలో గుంట కూడా వేలంపాటకు పోవద్దు. ముందు మా పిల్లలకు హాస్టళ్లు కట్టాలె. 2013 భూసేకరణ చట్టం, మూడేండ్లుగా ఆ భూమి మీద బతికిన కూలీని కూడా నష్టపోయిన కుటుంబమనే ఒప్పుకుంది. రేపు సర్వేకొస్తే పట్టాదారుల పేర్లతోపాటు కూలోళ్ల పేర్లూ రాయించండి. దరఖాస్తు తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకోండి.