నకలుకు సుంకమా?

మన కళాశాలలో చదువుకొని, నేడు హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో కుదురుకొన్న పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల నన్ను చూడవచ్చాడు. తమ సోర్స్ కోడ్ రిపాజిటరీలను భద్రపరచడానికి వారు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనదలచారట. దాని లైసెన్సు వెల దాచవలసిన సరుకును బట్టి కాక, సంస్థలో పనిచేసేవారి తలలను లెక్కించి నెలనెలా చెల్లించాలట. "కోడ్ వ్రాసింది మేమే కదా సార్, మా నకలు మేము తీసుకోవడానికి తలపన్ను ఏమిటి?" అని అతని ప్రశ్న. తెలుగు పాఠం చెప్పుకొనే నాకు ఆ శాస్త్రంలో ప్రవేశం స్వల్పమే. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

రిపాజిటరీ అంటే నేటి ప్రతి మాత్రమే కాదు. ఎవరు ఏనాడు ఏ పంక్తిని మార్చారో తెలిపే సమగ్ర చరిత్ర. తాళపత్రాల పాఠభేదాలతో కుస్తీపట్టిన వారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. లైనక్స్ కెర్నెల్ నిర్మాతలు 2002 నుంచి తమ చరిత్రను బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో ఉంచారు. వారికది ఉచితమే, కాని షరతులకు లోబడిన ఉచితం. ఆ చరిత్రను స్వతంత్రంగా బయటికి తీసే పరికరాన్ని ఆండ్రూ ట్రిడ్జెల్ తయారుచేయబూనగా, 2005లో ఉచిత లైసెన్సు రద్దయింది. ఆ ఏప్రిల్‌లోనే లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను ఆరంభించాడు. అందులో క్లోన్ చేసిన ప్రతివాని వద్దా పూర్తి చరిత్ర ఉంటుంది, రుసుము లేదు. బిట్‌కీపర్ సైతం 2016లో ఓపెన్ సోర్స్ అయింది. అప్పటికి అడిగే నాథుడు లేడు.

మరి నేటి సుంకం దేనికి? గిట్‌హబ్ వంటి చోట్ల కోడ్ చుట్టూ జరిగే చర్చలు, లోపాల ఫిర్యాదులు, సమీక్షలు క్లోన్‌లో రావు. వాటిని నిత్యం సేకరించి, వేరొకచోట దాచి, అడిగిననాడు తిరిగి నిలబెట్టే శ్రమకు వెల ఉండడం న్యాయమే. బ్రౌన్ దొర కడపలో సొంత సొమ్ముతో పండితులను పోషించి ప్రతులు సిద్ధం చేయించాడు. ఆ కూలిని ఎవరు తప్పుపడతారు? నేను తప్పుపట్టేది తలలెక్కను. కొత్తగా ఒక కుర్రవాణ్ణి చేర్చుకొంటే ఆ నెల కోడ్ రవ్వంతైనా పెరగకపోవచ్చు, బిల్లు మాత్రం పెరిగి తీరుతుంది. అప్పుడు యజమాని జాబితాలో పేర్లు తగ్గిస్తాడు, లేదా బ్యాకప్పే మానుకొంటాడు. మనవాడి సంస్థ రెండవదానికే మొగ్గుతున్నదట!

మానుకొంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఉండీ అక్కరకు రాకపోతే ఏమవుతుందో వినండి. బ్యాకప్పులను సైతం అదే ఖాతాలో ఉంచుకొన్న కోడ్ స్పేసెస్ అనే సంస్థ 2014 జూన్‌లో ఒక దాడికి గురై మూతపడింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఉద్యోగి ఒకడు పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను చెరిపివేయగా, నమ్ముకొన్న బ్యాకప్ పద్ధతులు ఒకదాని వెంట ఒకటి విఫలమయ్యాయి. ఆరు గంటల ముందు వేరే పనికై తీసిన నకలు దైవికంగా ఆదుకొంది. రిపాజిటరీలు దక్కాయి, ఆ ఆరు గంటల చర్చలు దక్కలేదు.

కోడ్‌ను ప్రతి రాత్రీ మిర్రర్ క్లోన్‌గా మరొక చోటి యంత్రంలోకి తీసుకొమ్మని, నెలకొకసారి దానిని తెరచి చూడమని, చర్చల భద్రతకు మాత్రం సరుకు పరిమాణాన్ని బట్టి ధర చెప్పమని అమ్మకందారును నిలదీయమని మా వాడికి చెప్పాను. యజమానితో మాట్లాడతానన్నాడు. ఇంకా జాబు రాలేదు.