యుద్ధము ముగిసిన పిమ్మట నాయకధర్మము

ధర్మయుద్ధమును గూర్చి మనము చెప్పు పాఠము సాధారణముగా రెండు చోట్ల నిలిచిపోవుచున్నది: ఒకటి భగవద్గీత, రెండవది మనుస్మృతి సప్తమాధ్యాయములోని యుద్ధనియమములు. నిద్రించువానిని, నిరాయుధుని, చేతులు జోడించినవానిని, వెన్నిచ్చి పారువానిని కొట్టరాదని విద్యార్థి నేర్చుకొనును. కాని శత్రువు పూర్తిగా వశమైన పిమ్మట, లేదా మరణించిన పిమ్మట, గెలిచిన నాయకుడు ఎట్లు మెలగవలెనను చర్చ అరుదు. నాయకుని అసలు పరీక్ష అచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

ఇందులకు ఉదాహరణ మన సీమలోనే కలదు. మా మిడుతూరువలెనే నేడు నంద్యాల జిల్లాలో చేరియున్న కోయిలకుంట్లలో, 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీ ప్రభుత్వము ఉరితీసినది. పింఛను, ఇనాముల వివాదముతో రగిలిన ఆయన తిరుగుబాటు 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడిగా పరిణమించినది. అక్టోబరులో ఆయన పట్టుబడెను. విచారణ, శిక్ష జరిగినవి. అంతటితో ముగియలేదు. ఆయన శిరస్సును కోటపై వ్రేలాడదీసి 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు, అట్లే యుంచిరి.

ఆయన శత్రుసైనికుడు కాడు, రాజద్రోహి అని పాలకపక్షము వాదింపవచ్చును. ఆ వాదమును అంగీకరించినను, శిక్ష ప్రాణముతో ముగియును. తరువాతి ముప్పదేండ్లు దండనకు గురియైనది మృతుడు కాదు, ఆ త్రోవన నడచిన ప్రజలు. తీక్ష్ణదండమువలన ప్రజలు ఉద్వేగము చెందుదురనియు, యథార్హదండుడే పూజ్యుడనియు కౌటిల్యుడు అర్థశాస్త్రారంభమునందే హెచ్చరించెను.

మన గ్రంథములు ఈ విషయమున సర్వత్ర నిర్దోషములని చెప్పుట సత్యము కాదు. అదే అర్థశాస్త్రము చిత్రవధను విధించినది. కామక్రోధవశమున ఆత్మహత్య చేసికొన్నవాని శవమును రాజమార్గమున ఈడ్పింపుమన్నది. కావున పూర్వగ్రంథమును వల్లించుట చాలదు. అందులో ఏది ప్రమాణముగా గ్రహింపదగునో వివేచింపవలెను.

ఆ వివేచనకు నాకు ఆధారము మహాభారతములోని స్త్రీపర్వము. భీష్మ ద్రోణ కర్ణ దుర్యోధనుల పతనములన్నియు నియమభంగముతో ముడివడినవే. అశ్వత్థామ రాత్రివధ సరేసరి. ఇన్ని భంగముల పిమ్మట యుధిష్ఠిరుడు చేసిన మొదటి పనులలో ఒకటి, విదురుని, సంజయుని, ధౌమ్యుని, యుయుత్సుని పిలిచి మృతులందరికిని ప్రేతకార్యములు చేయింపుమనుట. దుర్యోధనునికిని, అతని తమ్ములకును దహనసంస్కారము జరిగినది. దిక్కులేనివారి దేహములు సైతము అనాథములై నశింపరాదని ఆజ్ఞ. యుద్ధములో తప్పిన ధర్మమును ఇది మాన్పలేదు. కాని ధర్మము తప్పినవాడు సైతము మరల దానిని చేపట్టగల స్థానమెక్కడనో చూపినది.

ఈ గీటురాయి ఇరుపక్షములకును వర్తించును. ఖజానా దాడిలో, తదనంతర ఘర్షణలలో ప్రాణములు పోయినవి. నాయకుని నమ్మి వెంటనడచిన సామాన్యులు అనేకులు శిక్షల పాలైరి. నరసింహారెడ్డిని వీరునిగా స్మరించునపుడు, అనుచరుల ప్రాణములకు నాయకుడెంత బాధ్యుడను ప్రశ్నను దాటవేయరాదు. గౌరవము వేరు, విచారణనుండి మినహాయింపు వేరు.

1949 నాటి జెనీవా ఒడంబడిక యుద్ధమృతులను గౌరవముగా, వీలైనంతవరకు వారి మతాచారముననుసరించి, ఖననమో దహనమో చేయవలెనని విధించినది. మన దేశము 1960లో జెనీవా ఒడంబడికల చట్టము చేసినది. యుధిష్ఠిరుని ఆజ్ఞకును ఈ నియమమునకును గల సామ్యమును చూచి, అన్నియు మనయందే యున్నవని సంతృప్తిపడుట సులభము. ఆ ఆజ్ఞను మనము ఎంతవరకు బోధించితిమని అడుగుకొనుట కష్టము.

కనుక నా ప్రతిపాదన ఒక్కటే. ప్రాచ్యకళాశాలలలో మనుస్మృతి సప్తమాధ్యాయముతోపాటు స్త్రీపర్వములోని ప్రేతకార్యఘట్టమును పాఠ్యముగా నిర్ణయింపవలెను. దాని ప్రక్కన కోయిలకుంట్ల వృత్తాంతమును చర్చకు ఉంచవలెను. గెలుచుట నేర్పు గ్రంథములు అనేకములు. గెలిచిన చేతిని నిగ్రహించుట నేర్పు ఘట్టములు కొలదిగా నున్నవి. వానిని చదివింపకుండుట మాత్రము మన లోపమే యగును.