రెండు మందులు విఫలమైన పిమ్మట

మూర్ఛవ్యాధితో బాధపడు బిడ్డ గల యింటిలో నెవరికిని కంటినిండ నిద్ర యుండదు. మొదటి మందు పనిచేయలేదని రెండవది, రెండవది చాలలేదని దానికి తోడు మూడవది, దానివలన బిడ్డ మగతలో మునిగి పాఠము లప్పగింపలేకపోవుచున్నాడని మరల మోతాదులో మార్పు, ఈ విధముగా సంవత్సరములు గడచిపోవుచుండగా, ఏనాడెన్ని ఫిట్స్ వచ్చినవో వ్రాసుకొను తల్లికిని, ఆసుపత్రుల నిమిత్తమై సెలవులన్నియు ఖర్చుచేసికొనిన తండ్రికిని, తమ్ముని కనిపెట్టుకొనియుండవలసిన భారము పసితనముననే మీదబడిన అక్కకును "ఇంకొక మందు వాడి చూతము" అను మాట తప్ప వేరొకటి వినబడదు.

ఈ మాటనే నేను ప్రశ్నింపదలచితిని. 2000 సంవత్సరమున ప్రకటితమైన గ్లాస్గో నగరపు పరిశీలనలో, అంతకుముందు చికిత్స యెరుగని 470 మంది రోగులలో 47 శాతము మందికి మొదటి మందుతోడనే మూర్ఛలు నిలిచిపోగా, రెండవ లేక మూడవ మందుతో నిలిచినవారు 14 శాతము, రెండేసి మందులు కలిపి వాడుటచే నిలిచినవారు 3 శాతము మాత్రమే. తగిన మందులు రెండింటిని తగిన మోతాదులో వాడినను లొంగని మూర్ఛను మందులకు లొంగని మూర్ఛగా నెంచవలెనని అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిరోధక సమాజము 2010 లో నిర్వచించినది. నాలుగవ మందును, అయిదవ మందును వాడుచు గడుపు కాలము ఊరక పోవు కాలము కాదు. పడిపోవుటలు, కాలిన గాయములు, చదువు వెనుకబడుట, అరుదుగానైనను ఆకస్మిక మరణము, ఇవన్నియు ఆ జాప్యము చెల్లింపజేయు మూల్యములే.

అట్టి బిడ్డకు కావలసినది, మూర్ఛ మెదడులో నేతావున బుట్టుచున్నదో వీడియో ఈఈజీతోను, శ్రద్ధగా తీసిన ఎం.ఆర్.ఐ. తోను కనుగొను సమగ్రపరీక్ష. ఆ తావు ఒక్కటియై, మాటకును నడకకును హాని లేకుండ తొలగింపదగినదైనచో శస్త్రచికిత్సయే ముందు ఆలోచింపదగినది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 116 మంది బాలబాలికలపై జరిపి 2017 లో ప్రకటించిన పరిశోధనలో, మెదడు శస్త్రచికిత్స పొందినవారిలో 77 శాతము మంది ఒక సంవత్సరము తరువాత మూర్ఛలు లేకుండ నుండగా, మందులతోడనే యున్నవారిలో 7 శాతము మంది మాత్రమే యట్లుండిరి. ఇట్టి చికిత్స తిరువనంతపురము శ్రీచిత్ర సంస్థలో 1995 నుండియు జరుగుచున్నది. మన హైదరాబాదు నిమ్స్‌లోను కలదు.

ఆ తావును అట్లు తొలగింప వీలులేని బిడ్డల విషయముననే వేగస్ నాడికి అమర్చు పరికరము ప్రసక్తమగును. ఎడమ ప్రక్క మెడక్రింది యెముక, అనగా జత్రువు, క్రింద చర్మము లోపల గుండె పేస్‌మేకరు వంటి చిన్న యంత్రము నుంచి, దాని తీగను మెడలోని ఎడమ వేగస్ నాడికి చుట్టుదురు. తలను తెరువ నక్కరలేదు. సాధారణముగా అయిదు నిమిషముల కొకమారు ముప్పది సెకండ్లపాటు అది నాడిని ప్రేరేపించుచుండును. ఫిట్ రానున్నట్లు తోచినపుడు తల్లి ఒక అయస్కాంతమును దానిమీదుగా త్రిప్పి అదనపు ప్రేరణ నీయగలదు. ప్రేరణ జరుగునపుడు గొంతు బొంగురుపోవుట, దగ్గు సామాన్యములు. అమెరికాలో 1997 లో పండ్రెండేండ్లు దాటినవారికిని, 2017 లో నాలుగేండ్ల వయసు నుండి పిల్లలకును దీని ననుమతించిరి.

ఇచ్చట కుటుంబమునకు దాచక చెప్పవలసిన సత్యములు కొన్ని కలవు. ఇది మూర్ఛను మాన్పు యంత్రము కాదు. కాలక్రమమున సుమారు సగము మందికి ఫిట్స్ సగమో, అంతకు మించియో తగ్గును. పూర్తిగా నిలిచిపోవువారు కొలదిమందియే. ఫలితము శస్త్రచికిత్స మరునాడు కనబడదు. విద్యుత్తు మోతాదును మెల్లమెల్లగా పెంచుచు నెలల తరబడి వేచియుండవలెను. మందులు సాగుచునే యుండును. కొన్ని సంవత్సరములకు బ్యాటరీ మార్పునకై మరల శస్త్రచికిత్స తప్పదు. పూర్తిగా నయమగునను నమ్మికతో పొలమమ్ముకొనిన తండ్రికి ఫిట్స్ సగము తగ్గుట మోసముగా తోచును. ముందుగా తెలిసి యంగీకరించిన తండ్రికి, దినమునకు పలుమార్లు నేలగూలు బిడ్డ గాయములు లేక బడికి పోగలుగుట గొప్ప లాభముగా కనబడును. పరికరము ఒక్కటియే, చెప్పిన మాటలోనే భేదము. అందుచే ఆ మాట చెప్పుటకు వెచ్చించు గంటను నేను చికిత్సలో భాగముగానే యెంచుచున్నాను.

ధర లక్షలలో నున్న ఈ పరికరము సామాన్యుని సంపాదనకు అందునది కాదు. ప్రభుత్వములు పూనుకొని సహాయము చేయునెడల, మొదటి శస్త్రచికిత్సతో చేతులు దులుపుకొనక, మోతాదు సవరింపజేయు రాకపోకలను, బ్యాటరీ మార్పును సైతము ఆ సహాయములో చేర్పవలెను. శ్రీకాకుళము నుండియో ఆదిలాబాదు నుండియో మూర్ఛబిడ్డను వెంటబెట్టుకొని రాజధానికి మాటిమాటికి రాగల కుటుంబము లెన్ని? జిల్లా కేంద్రములోనే ఆ సవరణ జరుపు ఏర్పాటు చేయుట యసాధ్యమేమియు కాదు.

తలిదండ్రులకు నా మనవి యొకటి. తగిన మందులు రెండు వాడినను ఫిట్స్ నిలువని బిడ్డ మీ యింట నున్నయెడల, మూడవ మందు చీటీతోపాటు, మూర్ఛ శస్త్రచికిత్స కేంద్రమునకు పరీక్షకై పంపు ఉత్తరమును గూడ వైద్యుని అడిగి తీసికొనుడు. ఫిట్ వచ్చునప్పటి వీడియో ఫోనులో నున్నచో దానిని అచ్చట చూపుడు. మందులను మాత్రము వైద్యుని అనుమతి లేక ఒక్కపూటయైనను మానకుడు.