స్టాలుకు అద్దె సరే, సిగ్నలేదీ?

రైతు మేళాలు, వ్యవసాయ ప్రదర్శనలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. చిన్న రైతులు కూడా దేశవాళీ బియ్యం, బెల్లం, గానుగ నూనె మూట కట్టుకుని వెళ్లి స్టాళ్లు పెడుతున్నారు. దళారీ లేకుండా అమ్ముకోవడం మంచిదే. అయితే అక్కడ ఫోనుతో పడే తిప్పలు ఎవరికి చెప్పుకోవాలి?

మొన్నొక మేళాలో మాకు ఎదురైందే చెబుతాను. మధ్యాహ్నం జనం బాగా ఉన్న వేళ ఒకావిడ ఐదు కిలోల బియ్యం తీసుకుంది. "నా ఖాతాలో డబ్బు పోయిందండీ, మీకు రాలేదా?" అంది. మా ఫోనుకు కబురే లేదు. నమ్మి ఇవ్వాలా, ఆపాలా? తేల్చుకునేలోగా వెనకున్న నలుగురు విసుక్కుని వెళ్లిపోయారు. ఊళ్లో మోటారు కాలిందని మా అబ్బాయి పొద్దుటి నుంచి చేస్తున్న ఫోను చీకటి పడ్డాక గాని కలవలేదు.

గీతలు నిండుగా ఉన్నా ఫోను ఎందుకు పనిచేయదు? ఒక టవరు ఒకేసారి ఇన్ని ఫోన్లనే మోయగలదు. కాలువలో నీరున్నా అందరూ ఒక్కసారే తూములెత్తితే చివరి మడికి అందనట్టే ఇదీ. మేడారం జాతరకు తాత్కాలిక టవర్లు పెడుతున్నారు కదా! స్టాలుకు అద్దె తీసుకునే నిర్వాహకులు నీళ్లు, కరెంటుతో పాటు ఈ ఏర్పాటు కూడా చూడాలి. ఫోను కంపెనీలకు ముందుగా తెలియజేయాలి. స్టాళ్ల వారికి వేరుగా వైఫై ఇవ్వాలి. అద్దె కట్టే ముందు మనమూ ఈ మాట అడగాలి.

మన జాగ్రత్త మనకూ ఉండాలి. రెండు కంపెనీల సిమ్ములు, సరిపడా చిల్లర దగ్గర పెట్టుకోవాలి. ఇంటర్నెట్ లేకున్నా స్టార్ 99 హ్యాష్ నొక్కి డబ్బు పంపవచ్చు. అయితే దీనికీ సిగ్నల్ కావాలి, బ్యాంకులో నమోదైన నంబరై ఉండాలి. కొనేవారి ఖాతాలో డబ్బు తెగి దుకాణదారుకు ఖరారు కబురు అందకపోతే, ఐదు రోజుల్లో అది తిరిగి జమ కావాలని 2019లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి కొనేవారికి చెబితే సగం గొడవ తగ్గుతుంది.

పండించిన రైతును అమ్ముకోమని పిలిచినవారు, అమ్ముకునే వీలు కూడా కల్పించాలి. లేకుంటే ఆ మేళా నిర్వాహకులకే గాని రైతుకు కాదు.